ఎవరి మూట వారిది

యాత్రలను గురించి మన సాహిత్యంలో చెప్పుకోదగినంత ఉన్నది. అల్లసాని పెద్దన సృష్టించిన ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపం పూసుకొని చూస్తూ ఉండగానే హిమాలయం చేరినాడు. అతనికి మూటా ముల్లే అక్కర లేకపోయింది. మంచునీటిలో లేపం కరిగిపోయిన తరువాత గాని దూరమంటే ఏమిటో అతనికి తెలియలేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్టణం నుండి కాశీకి బయలుదేరినప్పుడు పల్లకీ, బోయీలు, డేరాలు, పరివారం వెంట ఉన్నవి. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్ర మనకు పెన్నిధి. ఒకరు మంత్రబలంతో వెళ్ళారు. మరొకరు మనుష్యబలంతో వెళ్ళారు. ఇరుముడి నెత్తిన పెట్టుకొని కొండలెక్కే అయ్యప్ప భక్తులు మనలో లక్షలుగా ఉన్నారు. కాని అది దీక్ష. పుణ్యం కోసం కాక, పని కోసం కాక, తన తిండిని, పడకను, ఇంటిని కూడ వీపునకు కట్టుకొని, పిల్లలతో సహా అడవిలో రోజుల తరబడి నడవడమనేది మాత్రం మనకు కొంత కొత్త.

అమెరికాలో దీనిని బ్యాక్‌ప్యాకింగ్ అంటారు. 2024 ఆగస్టు చివరలో మా తమ్ముని కుటుంబంతో కలిసి మిషిగన్ రాష్ట్రపు ఉత్తర కొసన, సుపీరియర్ సరస్సు ఒడ్డున 42 మైళ్ళ అడవిదారిలో ఈ విధంగా నడిచాను. నడిచినవారం ఐదుగురం: తమ్ముడు, మరదలు, పద్నాలుగేళ్ళ వారి అమ్మాయి, పదేళ్ళ అబ్బాయి, నేను. పట్టిన కాలం ఆరు పగళ్ళు, ఐదు రాత్రులు. ఈ వ్యాసం ఆ నడకను గురించి. అంతకంటె ఎక్కువగా, మేము మోసిన మూటలను గురించి.

ముందుగా ఆ సరస్సును పాఠకులకు పరిచయం చేయవలసి ఉన్నది. కుంట, చెరువు, కొలను, మడుగు, సరస్సు అని నీటినెలవులకు మనకు ఎన్నో మాటలున్నవి. వీటిలో ఏదీ సుపీరియర్‌కు చాలదు. దాని వైశాల్యం 82,100 చదరపు కిలోమీటర్లు. అంటే నేటి ఆంధ్రప్రదేశ్‌లో ఇంచుమించు సగం. మిక్కిలి లోతైన చోట 406 మీటర్లు. భూమిపై ఉపరితలాన నిలిచిన మంచినీటిలో సుమారు పదవ వంతు ఈ ఒక్క సరస్సులోనే ఉన్నది. అందులో చేరిన నీటిబొట్టు బయటపడడానికి సగటున 191 ఏళ్ళు పడుతుందని లెక్క కట్టారు. సుపీరియర్ అనే పేరును బట్టి కొందరు దీనిని ‘ఉత్తమ సరస్సు’ అని భావిస్తారు. ఫ్రెంచివారు పెట్టిన పేరుకు అర్థం ‘ఎగువ సరస్సు’ అని మాత్రమే. ఐదు మహాసరస్సులలో ఇది పైన ఉన్నది గనుక. అంతకు ఎంతో ముందునుండి ఆ తీరాన నివసిస్తున్న ఓజిబ్వే ప్రజలు దీనిని ‘గిచిగమి’ అన్నారు. మహాసముద్రం అని దాని భావం. ఒడ్డున నిలిచి చూచినవారికి ఈ పేరే సరియైనదని తోస్తుంది. ఆవలి గట్టు కనబడదు. కెరటాలు వచ్చి ఇసుకమీద విరుగుతూ ఉంటవి. దోసిట పట్టి నోట పోసుకుంటే ఉప్పు లేదు. సముద్రం వలె కనబడి మంచినీటివలె రుచించే ఆ జలరాశిని చూచి మా అబ్బాయి “సముద్రానికి ఉప్పు వెయ్యడం మరిచిపోయారు పెదనాన్నా” అన్నాడు.

మ్యూనిసింగ్ అనే చిన్న ఊరు మొదలుకొని గ్రాండ్ మరే అనే మరింత చిన్న ఊరు వరకు గల ఈ తీరభాగం పేరు పిక్చర్డ్ రాక్స్, అనగా చిత్రశిలలు. 1966 అక్టోబరులో అమెరికా కాంగ్రెసు దీనిని జాతీయ సరోవరతీరంగా నిర్ణయించింది. ఆ దేశంలో ఆ విధంగా రక్షణ పొందిన మొదటి తీరం ఇదే. డెట్రాయిట్ పరిసరాలనుండి కారులో 400 మైళ్ళు ఉత్తరంగా వెళ్ళాలి. నడుమ, 1957లో రాకపోకలకు తెరచిన ఐదు మైళ్ళ మాకినా వంతెనను దాటాలి. మేము కారును తూర్పు కొసన ఉంచి, అద్దె బండిలో పడమటి కొసకు చేరి, తిరిగి కారు వైపుగా నడిచాము. దారిలో ఎక్కడ పడితే అక్కడ పడుకోవడానికి వీలు లేదు. ఏ రాత్రి ఏ మజిలీలో ఉంటామో ముందే చెప్పి అనుమతి తీసుకోవాలి. అంగడి లేదు, పూటకూళ్ళ ఇల్లు లేదు. నీరు సరస్సునుండో వాగునుండో తెచ్చి వడపోసుకోవాలి. తినే వస్తువులను రాత్రివేళ ఎలుగుబంట్లకు అందకుండ వేరుగా భద్రం చేయాలి. వెంట తెచ్చిన ప్రతి వస్తువును, తిన్న తరువాత మిగిలిన కాగితం ముక్కతో సహా, వెంట తీసుకొని పోవాలి.

బయలుదేరే ముందురోజు రాత్రి మా తమ్ముని ఇంట మూటల తూకం జరిగింది. సామానులు మోసే త్రాసుకొక్కేనికి ఒక్కొక్క సంచినీ తగిలించి చూచాడు. తమ్ముని సంచి 18 కిలోలు. డేరా, పొయ్యి అందులోనే. నాది 12. మరదలిది 11. అమ్మాయిది 7. అబ్బాయిది 4. ఎవరు ఎంత మోయవచ్చుననే దానికి నడకరులలో ఒక లెక్క ఉన్నది. పెద్దలైతే తమ బరువులో అయిదవ వంతును మించరాదు; పిల్లలకు అంతకంటె తక్కువ. ఈ లెక్కలో మా అమ్మ పంపిన ఆవకాయ సీసా ఇరుకున పడింది. ఆమెకు ఎనభై దగ్గర పడుతున్నవి. కళ్ళు సరిగా కనబడకపోయినా తానే కలిపి, గాజుసీసాలో పెట్టి, సీసాకు ఒక కాగితం అంటించి నాకు ఇచ్చింది.

“ఆవకాయ వద్దనను అన్నయ్యా. కాని ఈ సీసా అరకిలో ఉంది,” అన్నాడు తమ్ముడు.

మరదలు మాట్లాడకుండా పచ్చడిని ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలోకి తీసింది. కాగితాన్ని తడిపి జాగ్రత్తగా ఊడదీసి, ఆరబెట్టి, డబ్బా చుట్టూ పెట్టి రబ్బరుబ్యాండు వేసింది. వేయించి పోపు కలిపిన ఉప్మారవ్వ పొట్లాలు, అటుకులు, పప్పుపొడి, ఎండబెట్టిన కూరముక్కలు, వీటితోబాటు ఆ డబ్బా కూడ సంచిలోనికి ఎక్కింది.

ఆ రాత్రి త్రాసుకు అందని మూట ఒకటి నా మీద పడింది. పిల్లలు నిద్రపోయిన తరువాత తమ్ముడు నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. అమ్మాయి ఐదేళ్ళుగా ప్రతి శనివారం తెలుగు తరగతికి వెళ్ళుతున్నది. ఈ ఏడు మానేస్తానంటున్నది. పరుగుపందెం జట్టులో చేరుతుందట. రెండింటికీ వేళ ఒకటే. “మేము చెబితే వినడం లేదు. నువ్వు ముప్పైయేళ్ళుగా తెలుగు చెబుతున్నవాడివి. అడవిలో ఆరు రోజులు దాంతో నడుస్తావు. ఒక మాట చెప్పు అన్నయ్యా,” అన్నాడు. సరేననక తప్పలేదు.

నడక మొదలయినది. కాలిబాట ఎక్కువ భాగం సరస్సు అంచుననే పోతుంది. కుడివైపున మేపుల్, బర్చ్, హెమ్లాక్ చెట్ల అడవి; ఎడమవైపున కొమ్మల సందున నీలిరంగు. ఇంటివారందరు కలిసి నడిచేటప్పుడు పాటించే నియమం ఒకటి ఉన్నది: అందరికంటె మెల్లగా నడిచేవారు ముందు నడవాలి. వేగంగా పోగలవారు ముందుంటే వెనుకబడినవారు కనబడరు. కనుక మా పదేళ్ళ వాడు నాయకుడయ్యాడు. వాడు ఆగితే అందరమూ ఆగాము. వాడు పుట్టగొడుగును చూస్తే అందరమూ చూచాము. ఇంట్లో ఒకరికొకరు అడ్డం రాకుండా బ్రతుకుతున్నవారికి ఈ నియమం మొదటి పూట కొంత కష్టంగా ఉంటుంది. మరునాటికి అది అలవాటవుతుంది. ఒకరి అడుగు విని మరొకరు అడుగు వేయడం కుటుంబ జీవితంలో కొత్త విషయమేమీ కాదు గదా! పట్నాలలో అది చెవిని పడదు, అంతే.

రెండవనాడు చిత్రశిలలు ప్రారంభమైనవి. నీటినుండి నిట్టనిలువుగా లేచిన ఇసుకరాతి గోడలు. కొన్ని చోట్ల 200 అడుగుల ఎత్తు, మొత్తం మీద పదిహేను మైళ్ళ పొడవు. ఈ రాయి వయస్సు సుమారు 50 కోట్ల సంవత్సరాలు. రాతి పొరల మధ్యగా ఊరిన నీరు ఖనిజాలను కరిగించి తెచ్చి గోడమీదుగా జారుతుంది. ఇనుము ఉన్నచోట ఎరుపు, నారింజ. రాగి ఉన్నచోట నీలం, ఆకుపచ్చ. మాంగనీసు ఉన్నచోట నలుపు. ఇంత గట్టిగా కనబడే గోడలు నిలకడగలవి కావు. మైనర్స్ కాసిల్ అనే శిలకు కోటబురుజులవంటి రెండు శిఖరాలుండేవి. 2006 ఏప్రిల్‌లో వాటిలో ఒకటి విరిగి నీటిలో పడిపోయింది. ఇప్పుడు ఉన్నది ఒక్కటే.

ఆ రాత్రి మస్కిటో నది అనే వాగు దగ్గర మా బస. పేరు సార్థకమే, దోమలు తగినన్ని ఉన్నవి. అర్ధరాత్రి వాన కురిసింది. రెండు డేరాలు, ఐదుగురు మనుషులు, పైన గుడ్డ మీద చినుకుల మోత. తెల్లవారి అన్నీ తడిసి, సంచుల బరువు పెరిగింది. అమ్మాయి భుజాలు ఎర్రగా కందినవి. ఆ పిల్ల ఎవరితోనూ ఏమీ అనలేదు. కాని నడకలో ఒకవైపునకు ఒరుగుతూ ఉన్నది.

మూడవనాడు చాపెల్ శిల దగ్గరకు వచ్చాము. ఈ దారిలో నేను అన్నిటికంటె ఎక్కువసేపు నిలిచి చూచినది దీనినే. తీరంనుండి విడిపోయిన ఒక రాతిస్తంభం. దానిపైన ఒక నిడుపాటి దేవదారు జాతి చెట్టు. స్తంభంమీద దానికి వేరూనడానికి తగిన మట్టి లేదు. పూర్వం తీరానికీ స్తంభానికీ నడుమ రాతి కమాను ఉండేది. ఆ కమాను మీదుగా చెట్టు తన వేరును ఒడ్డునకు పంపుకున్నది. 1940 దశకంలో కమాను కూలిపోయింది. వేరు మాత్రం తెగలేదు. మోకువలె గాలిలో వేలాడుతూ, ఒడ్డున ఉన్న మట్టినుండి సారాన్ని తీసుకొని పోయి చెట్టును ఇంకను బ్రతికిస్తున్నది.

“పెదనాన్నా, అక్కడ మట్టి లేదు కదా, ఏమి తింటుంది?” అని అబ్బాయి అడిగాడు. వేరును చూపించాను.

“దానిమీద నడిచి అటు వెళ్ళచ్చా?”

“నడవకూడదురా. తొక్కితే వేరు చచ్చిపోతుంది,” అన్నాడు తమ్ముడు.

స్వదేశం విడిచి వచ్చినవారికి ఆ చెట్టును చూచినప్పుడు ఏ ఊహ కలుగుతుందో వేరుగా చెప్పనక్కరలేదు. మా తమ్ముడు చాలాసేపు దానిని చూస్తూ నిలిచాడు. నేను గమనించినది మరొకటి. కమాను ఉన్నంతకాలం అది వంతెన. ఆ దారిన మనుషులు రావచ్చును, పోవచ్చును. వేరు వంతెన కాదు. అది పోషించగలదు గాని మనుషుల బరువును మోయలేదు. రెండు తరాలు గడిచిన తరువాత పిల్లలను మన ఊళ్ళోకి తిరిగి నడిపించుకొని రావడానికి భాషను వంతెనగా వాడుకోవాలని చూస్తే అది తట్టుకోదేమో. సారం అందించడానికైతే ఒక సన్నని వేరు కూడ చాలును.

ఆ సాయంకాలం బసలో అమ్మాయి తన సంచిని ఇసుకమీద బోర్లించింది. అందులోని వస్తువులన్నీ వాళ్ళ అమ్మ ప్రేమతో సర్దినవి. పైన పడక, అడుగున తిండిపొట్లాలు, ఒక పక్కన నీళ్ళసీసా, రెండవ పక్కన ఏమీ లేదు. ఆ పిల్ల ఒక్కొక్కటిగా తిరిగి సర్దింది. తేలికయిన పడక అడుగుకు వెళ్ళింది. బరువైన పొట్లాలు వెన్నెముకకు ఆనుకొని, భుజాల నడుమకు వచ్చినవి. నడుముపట్టీ బిగించి బరువును భుజాలనుండి తుంటిమీదికి దించింది. ఇంకను చోటు మిగిలిందని మా సంచిలోని ఆవకాయ డబ్బాను కూడ తీసుకొన్నది. మరునాడు ఉదయం సంచి బరువు మునుపటికంటె కొంచెం పెరిగిందే గాని తగ్గలేదు. అయినా ఆ పిల్ల నిటారుగా నడిచింది. మరదలు నా వైపు చూచి, “అంత జాగ్రత్తగా సర్దానండీ బావగారూ,” అన్నది. ఆమె సర్దడంలో లోపం ఏమీ లేదు. మోసే వీపు ఆమెది కాదు, అంతే.

నాలుగవనాడు బీవర్ సరస్సు ప్రాంతం దాటాము. అక్కడ 11,740 ఎకరాలను 2009లో చట్టరీత్యా ‘వన్యప్రదేశం’ చేశారు. ఈ మాటకు 1964నాటి అమెరికా శాసనంలో ఒక అర్థమున్నది: అక్కడ మనిషి వచ్చిపోయే అతిథి మాత్రమే, స్థిరనివాసి కాడు. ఇది ఆదినుండి గొడ్డలి తగలని అడవి కాబోలునని అక్కడికి వచ్చేవారు భ్రమపడవచ్చు. నిజానికి 19వ శతాబ్దపు చివరి దశకాలలో ఈ తీరమంతా తెల్లదేవదారు కోసం నరికివేయబడినది. దారికి తూర్పుకొసన లాగ్ స్లయిడ్ అనే చోట, 300 అడుగుల ఎత్తైన ఇసుకదిబ్బ మీదనుండి దుంగలను చెక్కదోనెలో జార్చి సరస్సులోకి దించేవారు. ఆ వేగానికి రాపిడి పుట్టి దోనె అంటుకునేదని ఒక జనశ్రుతి. 1910 నాటికి పెద్దచెట్లు అయిపోయినవి, కొట్టేవారు వెళ్ళిపోయినారు. నేడు మనకు నీడనిస్తున్నది ఆ తరువాత మొలిచిన అడవి. ఎవరూ నాటి, నీరు పోసి, వరుసలు దిద్ది పెంచినది కాదు. చాలినంత కాలం దానిని దానికి వదిలిపెట్టారు. అయితే ఊరకే వదిలిపెట్టడం వేరు, కాపాడుతూ వదిలిపెట్టడం వేరు. ఈ అడవికి ఆ రెండవదే దక్కింది.

ఐదవ రాత్రి ఓ సాబ్ల్ దీపస్తంభం దాటి బస చేశాము. దానిలో దీపం మొదట వెలిగినది 1874లో. ఈ తీరాన పొగమంచు ఎక్కువ. నీటిలోపల రాతిగట్లు చాలా దూరం వ్యాపించి ఉన్నవి. దీపస్తంభం వచ్చిన తరువాత కూడ ఓడలు దెబ్బతిన్నవి. 1883లో పగిలిన మేరీ జరెకీ అనే ఓడ అవశేషాలను, ఇతర ఓడల దూలాలను ఆ సాయంకాలం ఇసుకలో చూచాము. మేకులు ఇంకను వాటికి అంటుకొనే ఉన్నవి.

ఆ రాత్రి, తమ్మునికిచ్చిన మాట జ్ఞాపకం వచ్చి, అమ్మాయికి ఒక కథ చెప్పాను. కథ కాదు, చరిత్ర. ఈ సరస్సునీరు బయటికి పోయే చోట సూ సెంట్ మరీ అనే ఊరున్నది. అక్కడ 1800లో జేన్ జాన్‌స్టన్ అనే ఆమె పుట్టింది. తల్లి ఓజిబ్వే, తండ్రి ఐర్లండునుండి వచ్చిన వర్తకుడు. ఆమె రెండు భాషలలోనూ కవిత్వం వ్రాసింది. 1823లో హెన్రీ స్కూల్‌క్రాఫ్ట్ అనే అధికారిని పెళ్ళాడింది. ఆయన ఓజిబ్వే కథలను సేకరించి ప్రకటించి పేరుపొందాడు. వాటిలో అనేకం ఆమె ద్వారా, ఆమె పుట్టినింటివారి ద్వారా ఆయనకు చేరినవే. ఆ పుస్తకాల ఆధారంతోనే లాంగ్‌ఫెలో 1855లో ‘హయవాత గీతం’ రచించాడు. అందులో గిచిగమి ఉన్నది, మేము నడిచిన చిత్రశిలలు కూడ ఉన్నవి. జేన్ పేరు మాత్రం మరుగున పడింది. ఆమె రచనలన్నీ ఒక సంపుటంగా వెలువడడానికి 2007 వరకు పట్టింది. 1839లో ఆమె తన పిల్లలిద్దరిని దూరాన తూర్పురాష్ట్రాలలోని బడులలో విడిచి, ఇంటికి తిరిగి వస్తూ ఒక పద్యం వ్రాసింది. దానిని ఇంగ్లీషులో కాక ఓజిబ్వేలో వ్రాసింది. మరి మూడేళ్ళకు మరణించింది.

అమ్మాయి కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, “ఆ పిల్లలకి ఆ పద్యం అర్థమైందా పెదనాన్నా?” అన్నది.

నా దగ్గర సిద్ధంగా ఉన్న ఉపదేశమంతా ఆ ప్రశ్న ముందు నిలవలేదు. ఆ పిల్లే మళ్ళీ అందుకొన్నది: “నాకు మాట్లాడితే అర్థమవుతుంది. చదవడం రాదు. క్లాసులో పద్యాలు కంఠతా పెట్టిస్తారు. అర్థం అడిగితే పరీక్షలో అది రాదంటారు.” ఇట్లని సంచిలోనుండి ఆవకాయ డబ్బా తీసి, దానికున్న కాగితాన్ని లాంతరు వెలుగులో పట్టుకొన్నది. “ఇది నాయనమ్మ రాసిందా? ఏముంది?”

“చదువు,” అన్నాను.

కొత్త ఆవకాయ. కారం ఎక్కువ. పిల్లలకు నెయ్యి వేసి కలపాలి. పది మాటలు కూడ లేవు. అవి పూర్తి కావడానికి పావుగంట పట్టింది. ‘క’కు ‘కా’కు భేదం తెలిసింది, ‘క్కు’ దగ్గర ఆగిపోయింది, ‘నెయ్యి’ దగ్గర నవ్వింది. చూపు మందగించినవారి అక్షరాలు, పైగా ఒకసారి తడిసి ఆరినవి. చదవడం పూర్తయిన తరువాత ఆ పిల్ల, “పిల్లలకు అంటే మాకేనా?” అని అడిగింది. మీకేనన్నాను. కాగితాన్ని మళ్ళీ డబ్బాకు చుట్టలేదు. మడిచి చొక్కాజేబులో పెట్టుకొన్నది.

ఆరవనాడు గ్రాండ్ సాబ్ల్ ఇసుకకొండలు. అయిదు చదరపు మైళ్ళ మేర వ్యాపించి, కొన్ని చోట్ల సరస్సుకు 300 అడుగుల పైన నిలిచినవి. ఎక్కుడు దారిలో పిల్లలిద్దరు ముందు వెళ్ళగా మేము ముగ్గురం వెనుకబడినాము.

“ఏమన్నదన్నయ్యా?” అని తమ్ముడు అడిగాడు.

“దాని మూట దాన్నే సర్దుకోనివ్వు,” అన్నాను.

“వదిలేస్తే పోతుంది అన్నయ్యా. నా భయం నీకు తెలియదు. ఇంకో పదేళ్ళకు ఆ పిల్లతో నేను ఏ భాషలో కష్టం సుఖం చెప్పుకోవాలి?”

ఆ భయం కేవలం నిజం. దానిని చులకన చేయడానికి ఎవరికీ హక్కు లేదు. ఓజిబ్వే భాషకు ఆ తరువాత ఏమి జరిగినదో చరిత్రలో ఉన్నది. పిల్లలను ఆశ్రమపాఠశాలలలో చేర్చి వారి నోట మాతృభాష రాకుండ శిక్షించిన కాలమొకటి నడిచింది. మన పిల్లలను ఎవరూ శిక్షించడం లేదు. మన భాష పోతే అట్టి నెపం కూడ మనకు దొరకదు. నేనేదో చెప్పబోయేలోపల మరదలు అన్నది: “ఒక్క మాట చెప్పనా బావగారూ? క్లాసులో చేర్పించినప్పటినుంచీ ఇంట్లో మేమే తెలుగు తగ్గించాం. వారానికి గంటసేపు వాళ్ళు చెబుతున్నారు కదా అని. ఈ ఆరు రోజుల్లో మాట్లాడినంత తెలుగు ఈ ఆరు నెలల్లో మాట్లాడలేదు.”

ఇంతకంటె సూటిగా ఏ భాషాచార్యుడూ చెప్పలేడు. వీరాస్వామయ్యగారి బోయీలు నాకు జ్ఞాపకం వచ్చారు. మోయవలసినదానిని కూలికి మోసేవారికి అప్పగించి, మనం తెరలోపల కూర్చుని, పల్లకీ సాగుతున్నది కదా అని నిశ్చింతగా ఉండవచ్చును. బోయీల తప్పు ఏమీ లేదు. వారు మోసిన దూరం వారు మోశారు. శనివారపు తరగతులు నడిపేవారు చేస్తున్నది మంచిపనే. కాని భోజనం దగ్గర, కోపం వచ్చినప్పుడు, నిద్రపుచ్చేటప్పుడు, దారి తప్పినప్పుడు పలికే మాటను కూలికి మోసేవారు లోకంలో లేరు. ఆ మూట తల్లిదండ్రులది. పిల్లల మూట వేరు. అందులో ఏది పైన పెట్టాలో, ఏది వెన్నుకు ఆనించాలో వారికి తెలుస్తుంది. మన బరువును కూడ వారి సంచిలో కుక్కి, పైనుండి మనమే సర్ది, వంగిపోతున్నారేమిటని విచారించడం న్యాయం కాదు.

మరి సర్దుకోమని విడిచిపెడితే అన్నీ పారవేయరా అని కొందరు అడుగవచ్చును. కొన్ని పారవేస్తారు. పచ్చడి ఉంచుకొని సీసా వదిలివేసిన ఇంటివారం మేము. ఆ సీసా అందమైనదే, మా అమ్మ ఏరి పెట్టినదే. అయినా 42 మైళ్ళు మోయడానికి అది తగినది కాదు. పద్యాలు కంఠతా పట్టడమే భాష అనుకొనే పద్ధతి ఒక సీసా. పరీక్షలు, బహుమతులు, వేదికమీద ఏటేటా ప్రదర్శనలు మరికొన్ని సీసాలు. ముప్పైయేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి బ్రతికినవాడిని గనుక ఈ మాట తేలికగా అనడం లేదు. పద్యమంటే నాకు ప్రాణం. కాని అది కూడ ఆకలి వేసినవారికి అందవలసిన వస్తువే.

నడకలో దక్కిన లాభాలను లెక్కపెట్టమంటే చాలా చెప్పవచ్చును. ఐదుగురు మనుషులకు ఆరు రోజులు బ్రతకడానికి 52 కిలోల సామాను చాలునని తెలిసింది. పదేళ్ళ పిల్లవాడు ముందు నడిస్తే పెద్దలు ఎక్కువ చూడగలరని తెలిసింది. టెలిఫోను పలకని చోట మాటలు వాటంతట అవే వస్తవని తెలిసింది. మేము వెంట తెచ్చిన చెత్తసంచి గ్రాండ్ మరే చేరేనాటికి రెండు చేతులతో పట్టుకోవలసినంత అయినది. దానిని ఒకరి తరువాత ఒకరం మార్చుకొని మోశాము. అడవిలో మా గుర్తుగా మిగిలినవి తడి ఇసుకమీద అడుగులే. వాటిని సాయంకాలానికి కెరటాలు తుడిచి ఉంటవి.

అమ్మాయి తెలుగు తరగతి మానినదో, కొనసాగించినదో ఇక్కడ చెప్పబోవడం లేదు. అది ఆ పిల్ల సర్దుకోవలసిన సంగతి. నేను చూస్తున్నది మాత్రం చెబుతాను. ప్రతి ఆదివారం ఉదయం మా ఇంట మా అమ్మ పూజ ముగించుకొని, కళ్ళజోడు తుడుచుకొని, ఫోను దగ్గర కూర్చుంటుంది. వారంలో ఆమె వ్రాసి పంపిన నాలుగు పంక్తులను అవతలినుండి ఒక గొంతు అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంది. మొన్నటివారం చింతకాయ పచ్చడి సంగతి వచ్చింది. మధ్యలో ఒత్తు దగ్గర ఆ గొంతు ఆగిపోయినప్పుడు అందించబోయాను. మా అమ్మ చేయి ఎత్తి నన్ను వారించింది.